పేరు పక్కన మూడు అక్షరాలు

మా మేనల్లుడికి ఉద్యోగం వచ్చింది. ఆఫీసులో అందరి పేర్ల పక్కనా పాసైన వృత్తి పరీక్షల గుర్తుగా ఇంగ్లీషు పెద్దక్షరాలు కనిపించేసరికి, తన పేరు బోసిగా ఉందన్న దిగులు పట్టుకుంది. ఫైనాన్సులో అక్షరాలకు కరువా! సీఎఫ్‌ఏ, ఎఫ్‌ఆర్‌ఎం, సీఎఫ్‌పీ, సీఎంఏ, కైయా... వీటిలో ఏది తనకో తేల్చుకోవడమే మొదటి పరీక్ష. ఫీజు లేని పరీక్ష కూడా అదొక్కటే.

సలహా అడిగాడు కదా అని, "ముందు నువ్వు ఏ కుర్చీలో కూర్చోవాలనుకుంటున్నావో చెప్పు" అన్నాను. షేర్లకూ బాండ్లకూ విలువ కట్టి ఇతరుల పెట్టుబడులు నడపాలంటే సీఎఫ్‌ఏ. బ్యాంకు ఎక్కడ మునుగుతుందో ముందే లెక్కవేసే పనైతే ఎఫ్‌ఆర్‌ఎం. అది రెండు భాగాలతో సరి. కుటుంబాలకు ఎదురుగా కూర్చుని వాళ్ల పొదుపు, బీమా, పదవీ విరమణ సంగతి చూడాలంటే సీఎఫ్‌పీ. కంపెనీ లోపలి ఖర్చులూ బడ్జెట్లూ అయితే సీఎంఏ. ధనవంతుల డబ్బుతో సాహసాలు చేసే హెడ్జ్ ఫండ్ల మీద మోజుంటే కైయా. "నీకు నచ్చిన ఉద్యోగాల ప్రకటనలు నాలుగు ముందు పెట్టుకో. వాళ్లు ఏ అక్షరాలు అడుగుతున్నారో చూడు, చాలు" అన్నాను.

"అందులో శాస్త్రీయత లేదు మావయ్యా" అన్నాడు.

శాస్త్రీయత కోసం స్ప్రెడ్‌షీట్ తెరిచాడు. కష్టం, ఖర్చు, కాలం, జీతం, గౌరవం అని నిలువు వరుసలు గీసి ఒక్కోదానికి ఇంత శాతమని పెట్టాడు. లెక్క తేలితే సీఎఫ్‌పీ మొదట వచ్చింది. ముఖం చిట్లించి, గౌరవానికి శాతం పెంచాడు. ఎఫ్‌ఆర్‌ఎం వచ్చింది. మళ్లీ పెంచాడు. చివరికి గౌరవం ఒక్కటే పట్టికలో సగానికి పైగా ఆక్రమించాక సీఎఫ్‌ఏ మొదటి స్థానానికి ఎగబాకింది. "చూశారా, అంకెలు అబద్ధం చెప్పవు" అన్నాడు. అంకెల నోరు నొక్కింది ఎవరో నేను అడగలేదు.

సీఎఫ్‌ఏ అంటే మూడు మెట్లు, అంటే మూడు లెవెళ్ల పరీక్షలు. ఒక్కో మెట్టుకు సుమారు 300 గంటలు చదవాలని పరీక్ష పెట్టేవాళ్లే చెబుతారు. వాడు ఆ గంటల జోలికి పోకుండా కాలిక్యులేటర్ దగ్గర మొదలుపెట్టాడు. పరీక్ష గదిలోకి రెండే కంపెనీల యంత్రాలను రానిస్తారు. ఒకటి టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ బీఏ 2 ప్లస్. మామూలు మనుషులు కొనేది అదే. రెండోది హెచ్‌పీ 12సీ. 1981లో పుట్టి ఇప్పటికీ అమ్ముడవుతోందని తెలిసి, గౌరవం కొద్దీ వీడు రెండోదే తెప్పించాడు.

డబ్బా విప్పి 2 నొక్కాడు, కూడిక గుర్తు నొక్కాడు, మళ్లీ 2 నొక్కాడు. సమానం గుర్తు కోసం వెతికాడు. లేదు. తిప్పి వెనక చూశాడు, అక్కడా లేదు. తెర మీద మాత్రం 2 అని నిబ్బరంగా నిలబడి ఉంది. మా అక్క తొంగిచూసి, "రెండూ రెండూ కలిస్తే రెండే అంటోందా? దీన్ని నమ్మి జనం డబ్బు లెక్కగడతావట్రా?" అంది. ఆ యంత్రానికి ముందు అంకెలు రెండూ ఇచ్చి, చివర్లో గుర్తు నొక్కాలి: 2, ఎంటర్, 2, కూడిక. అప్పుడు నాలుగు చూపిస్తుంది. వాడికి ఈ సంగతి తెలిసేసరికి యంత్రం పాడైందని తిప్పి పంపడం, అది నిక్షేపంగా ఉందని వాళ్లు తిరిగి పంపడం కూడా జరిగిపోయాయి.

ఇంతలో విజిటింగ్ కార్డులు వచ్చాయి. పేరు, పక్కన కామా, ఆ పక్కన ముద్దుగా "సీఎఫ్‌ఏ లెవెల్ 1". పరీక్షకు పేరు నమోదు చేసుకున్నాడు, అంతే. మొదటి కార్డును ఆఫీసులో పరిశోధన విభాగం పెద్దాయనకు రెండు చేతులతో అందించాడు. ఆయన మూడు మెట్లూ ఎక్కి, ఆపైన కావలసిన 4,000 గంటల అనుభవం కూడా చూపించి చార్టర్, అంటే ఆ అక్షరాలు వాడుకునే హక్కు, అందుకున్న మనిషి. కార్డు రెండుసార్లు చదివారు.

"ఎథిక్స్ ఇంకా తెరవలేదా బాబూ?"

"తేలిక కదండీ, చివర్లో చూద్దామని పక్కన పెట్టాను."

ఆ రాత్రి ఆ నీతి నియమావళి తెరిచి చూశాడు. ప్రమాణం 7(బి)లో ఉంది: చార్టర్ చేతికి వచ్చేదాకా ఆ అక్షరాలు పేరుకు తగిలించకూడదు, లెవెల్ 1 అనే బిరుదు అసలు లేనే లేదు. పాసైతే పాసయ్యానని చెప్పుకోవచ్చు, అంతవరకే. చార్టర్ వచ్చినవాళ్లు కూడా "నేను సీఎఫ్‌ఏని" అనకూడదట, చార్టర్‌హోల్డర్ అనాలట. పేరు నమోదు చేసుకున్న క్షణం నుంచే అభ్యర్థికీ ఈ నియమాలన్నీ వర్తిస్తాయి. అంటే మావాడు నీతి పాఠం మొదటి పేజీ తిప్పకముందే తప్పాడన్నమాట. ఈ ఘనత పరీక్షలో తప్పడం కన్నా అరుదైనదని నా నమ్మకం.

మర్నాడు పెద్దాయన బల్ల మీది కార్డును బతిమాలి వెనక్కి తెచ్చుకున్నాడు. మిగతా పెట్టె ముందేసుకుని, ఒక్కో కార్డు మీదా ఆ అక్షరాలను నల్ల సిరాతో కొట్టేస్తూ కూర్చున్నాడు. పావు పెట్టె అయ్యాక నాకు ఫోను చేశాడు.

"మావయ్యా, కొట్టేసిన చోట చిన్న స్టిక్కరు అంటిస్తే ఎఫ్‌ఆర్‌ఎం సరిగ్గా పడుతుంది. వాళ్లకు ఇలాంటి పట్టింపులు లేవేమో కాస్త కనుక్కుంటారా?"