శుక్రకణం ఆగిపోతే తప్పు రంగుదా, వెలుతురుదా?

మిథిలీన్ బ్లూ కలపగానే శుక్రకణాల ఈత మందగించిందని, ఆ రంగు విషమని తేల్చేస్తే పొరపాటే. చీకట్లో అది చేసే హాని వేరు, వెలుతురు పడ్డాక చేసే హాని వేరు. ఈ రెంటినీ విడదీయకుండా ఇచ్చే చలన శాతానికి (వందలో ఎన్ని కణాలు కదులుతున్నాయన్న లెక్కకు) విలువ లేదు.

వెలుతురు పీల్చుకున్న రంగు అణువు ఆ శక్తిని పక్కనున్న ఆక్సిజన్‌కు అందిస్తుంది. అలా పుట్టే సింగ్లెట్ ఆక్సిజన్, అంటే శక్తి ఎక్కి చురుకైన ఆక్సిజన్, నీటిలో కొన్ని మైక్రోసెకన్లే బతుకుతుంది. దూరం పోలేదు కనుక రంగు ఎక్కడ అంటుకుంటే దెబ్బ అక్కడే. శుక్రకణం పొరలో త్వరగా ఆక్సీకరణకు లోనయ్యే కొవ్వు ఆమ్లాలు ఎక్కువ, లోపల రక్షక ఎంజైములు తక్కువ. పొర దెబ్బతిని కాల్షియం లోపలికి చొరబడుతుంది, మైటోకాండ్రియా చతికిలబడుతుంది. ముందు నేరుగా ఈదడం పోతుంది. తోక కొట్టుకుంటున్నా కణం ముందుకు సాగదు. ఆ తర్వాత కదలికే ఆగుతుంది.

పరీక్షకు నాలుగు గొట్టాలు కావాలి: రంగు ఉన్నవి రెండు, లేనివి రెండు. ప్రతి జతలో ఒకదానికి అల్యూమినియం రేకు చుట్టాలి. నాలుగూ 37 డిగ్రీల దగ్గరే ఉండాలి. దీపం వేడికి నమూనా కాగితే ఆ నష్టం కూడా వెలుతురు ఖాతాలో పడుతుంది. ఎక్కువమంది తడబడేది మైక్రోస్కోపు దగ్గర. చూడటానికి వాడే దీపమే రంగును రగిలిస్తుంది. రోజ్ బెంగాల్ అనే మరో రంగు ఆకుపచ్చ కాంతిని పీల్చుకుంటుంది కాబట్టి ఎర్ర ఫిల్టర్ పెట్టి చూడాలి. మిథిలీన్ బ్లూ పీల్చుకునేది ఎరుపునే. దానికి ఎర్ర ఫిల్టర్ పెడితే కొరివితో తల గోక్కున్నట్టే, ఆకుపచ్చది వాడాలి. ఫలితం పక్కన కాంతి తీవ్రత, ఎన్ని నిమిషాలు పడిందీ రాయాల్సిందే.

ఆడ దూడ కావాలో మగ దూడ కావాలో ముందే ఎంచుకునేలా కణాలను వేరుచేసిన లింగ నిర్ధారిత వీర్యం తయారీలోనూ రంగు, లేజర్ రెండూ ఉంటాయి. ఎద్దు ఎక్స్ కణంలో (ఆడ దూడనిచ్చేది) వై కణంలో (మగ దూడనిచ్చేది) కంటే డీఎన్ఏ దాదాపు 3.8 శాతం ఎక్కువ. డీఎన్ఏకు అంటుకునే హెక్స్ట్ 33342 రంగు పట్టించి, అతినీలలోహిత లేజర్ ముందు నడిపి ఆ తేడాను పసిగడతారు. ఒక్కో కణం కాంతిలో ఉండేది మైక్రోసెకన్లే కాబట్టి చాలావరకు తట్టుకుంటాయి. అదే రంగు పట్టిన కణాలను ఫ్లోరసెన్స్ దీపం కింద నిమిషాల తరబడి చూసి, చలనం తగ్గిందని రంగును నిందించడం అన్యాయం.

రంగు కలపకపోయినా వెలుతురును తేలిగ్గా తీసుకోకూడదు. వీర్యాన్ని పలుచన చేసే ద్రావణాల్లోని పాలలో, గుడ్డు పచ్చసొనలో రైబోఫ్లేవిన్ ఉంటుంది, అది నీలి కాంతికి ఇలాగే స్పందిస్తుంది. గడ్డకట్టించిన వీర్యం ఉండే సన్న గొట్టమైన స్ట్రాను కరిగించాక, పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్రలు ఎండలో పట్టుకోకూడదు. నీడలోనే తుడిచి, వీర్యం ఎక్కించే గన్‌లోకి ఎక్కించాలి.