ఒక్క మెసేజ్‌లో తేలాల్సిన పని

పొద్దున్నే ఫోన్ తీస్తే ఒక మెసేజ్: ‘హాయ్’. అంతే, ఇంకో ముక్క లేదు. ‘చెప్పండి’ అని కొట్టి మన పనిలో మనం పడతాం. ఇరవై నిమిషాలకు ‘ఎలా ఉన్నారు?’ అని వస్తుంది. ‘బాగున్నాం, మీరు?’ అంటాం. మరో అరగంటకు ‘ఒక చిన్న పని ఉండి...’ అంటూ మూడు చుక్కలు. ఆ చిన్న పనేమిటో బయటపడేసరికి మధ్యాహ్నమవుతుంది. తీరా చూస్తే ఆయనకు కావలసింది ఫలానా వాళ్ల ఫోన్ నంబర్. ఆ ముక్క మొదటి మెసేజ్‌లోనే అడిగి ఉంటే మొదటి నిమిషంలోనే ఇచ్చేవాళ్లం కదా.

ఎదురుగా ఉన్న మనిషితోనైనా, ఫోన్ కాల్‌లోనైనా కుశల ప్రశ్నలు వేశాకే అసలు విషయంలోకి వెళ్తాం. అది మర్యాద. చిక్కల్లా ఆ పద్ధతినే మెసేజ్‌లోకి కూడా తేవడంతో వస్తోంది. కాల్ అంటే ఇద్దరూ ఒకే సమయంలో ఖాళీగా ఉండాలి. మెసేజ్‌కు ఆ షరతు లేదు. నాకు కుదిరినప్పుడు నేను రాస్తాను, మీకు కుదిరినప్పుడు మీరు చూస్తారు. మాటను ముక్కలు ముక్కలుగా పంపామంటే ఆ సదుపాయం కాస్తా పోతుంది. అవతలి మనిషి ఫోన్ పట్టుకుని కూర్చోవాలి. కాల్‌లో ఉండే ఇబ్బంది ఉంటుంది, మాట్లాడుకున్న తృప్తి మాత్రం ఉండదు.

తొలినాళ్ల ఎస్సెమ్మెస్‌కు ఈ జబ్బు లేదు. కారణం, అందులో చోటు లేకపోవడమే. 1985లో ఫ్రీడ్‌హెల్మ్ హిల్లెబ్రాండ్ అనే జర్మన్ ఇంజినీర్ బాన్ నగరంలోని తన ఇంట్లో టైప్‌రైటర్ ముందు కూర్చుని, తోచిన వాక్యాలూ ప్రశ్నలూ కొట్టి, ఖాళీలతో సహా అక్షరాలు లెక్కపెట్టాడు. దాదాపు అన్నీ 160 లోపే తేలాయి. మొబైల్ నెట్‌వర్క్‌లో కాల్ కలపడానికీ, ఫోన్ ఏ టవర్ కింద ఉందో కనిపెట్టడానికీ సంకేతాలు వెళ్లే దారి ఒకటుంటుంది. మెసేజ్‌ను ఆ దారిలోనే పంపాలని నిర్ణయించారు. ఒక్కో మెసేజ్‌కు దొరికిన జాగా 140 బైట్లు, అంటే బైటుకు 8 చొప్పున 1120 బిట్లు. అక్షరానికి 7 బిట్ల చొప్పున సర్దితే సరిగ్గా 160 అక్షరాలు పడతాయి. 1992 డిసెంబర్ 3న నీల్ పాప్‌వర్త్ అనే ఇంజినీర్ తన కంప్యూటర్ నుంచి వొడాఫోన్‌లో పనిచేసే రిచర్డ్ జార్విస్ ఫోన్‌కు ‘మెర్రీ క్రిస్మస్’ అని పంపాడు. మొట్టమొదటి ఎస్సెమ్మెస్ అదే. తర్వాత వచ్చిన ట్విటర్ కూడా ఈ 160లో 20 అక్షరాలు పేరుకు వదిలేసి, 140తో మొదలైంది.

ఈ లెక్క ఇంగ్లీష్ అక్షరాలకు. తెలుగులో కొడితే అక్షరానికి 16 బిట్లు కావాలి, కాబట్టి ఒక మెసేజ్‌లో పట్టేవి 70. అందులోనూ మనం ఒక అక్షరం అనుకున్నది ఫోన్‌కు ఒకటి కాదు. ‘స్త్రీ’ మన కంటికి ఒక్క అక్షరమే. ఫోన్ మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని ఆరు లెక్కేస్తుంది. ఇంకో తమాషా ఉంది. 160 ఇంగ్లీష్ అక్షరాలు నిండుగా కొట్టి, చివర ఒక్క నవ్వు ఎమోజీ పెట్టండి. ఆ ఒక్కదాని కోసం మెసేజ్ మొత్తం 16 బిట్ల లెక్కలోకి మారిపోతుంది. ఒకటిగా వెళ్లాల్సింది మూడు ముక్కలవుతుంది. మళ్లీ అతికించడానికి గుర్తులు పెట్టుకోవాలి కాబట్టి ఒక్కో ముక్కలో 70 కూడా కాదు, 67 మాత్రమే పడతాయి. మెసేజ్‌కు ఇంత అని డబ్బు తీసుకునే ప్లాన్‌లో ఉన్నవాళ్లకు ఆ నవ్వు ఖరీదైన నవ్వే.

ఇంటర్‌నెట్ యాప్‌లు వచ్చాక నిడివి బాధ తీరిందనుకున్నాం. నిజానికి అది వేరే చోటికి మారిందంతే. ఇప్పుడు చోటు లేనిది లాక్ స్క్రీన్ మీద. అక్కడ కనబడేది ఒకటి రెండు లైన్లు. చదివే మనిషి ఆ రెండు లైన్లు చూసే ఇప్పుడు తెరవాలా, తర్వాత చూడొచ్చా అని తేల్చేసుకుంటాడు. ఈ మెసేజ్ చూడండి:

‘నమస్తే సర్, బాగున్నారా? మొన్న మనం అనుకున్న విషయం గురించి ఒకసారి మాట్లాడదామని. మీకు ఎప్పుడు వీలవుతుందో చెప్పండి.’

మర్యాదకు లోటేమీ లేదు. కానీ మొన్న అనుకున్న విషయాల్లో ఏ విషయం? ఎంతసేపు పడుతుంది? తొందరేమైనా ఉందా? జవాబివ్వాలంటే ముందు ఎదురు ప్రశ్నలు వేయాలి. తర్వాత చూద్దాంలే అని పక్కన పెడతాం. ఆ తర్వాత మరిచిపోతాం. అదే మనిషి ఇలా రాశాడనుకోండి:

‘సర్, నమస్తే. అగ్రిమెంట్ 3వ పేజీలో మీ సంతకం మిగిలిపోయింది. శుక్రవారం 14న సాయంత్రం 5కి ఆఫీసుకు తెస్తాను. కుదరకపోతే శనివారం అని చెప్పండి చాలు.’

ఇందులోనూ నమస్తే ఉంది. దానితోపాటు విషయం, రోజు, వేళ అన్నీ వచ్చేశాయి. మెట్లు దిగుతూ కూడా ‘సరే’ అని కొట్టేయొచ్చు. ‘ఎప్పుడు వీలవుతుంది?’ అని అడిగితే ఆలోచించే పని అవతలివాళ్లది అవుతుంది. ‘ఇదా, అదా?’ అని అడిగితే ఆ పని మనమే చేసి పెట్టినట్టు. నా అనుభవంలో జవాబు రావడానికీ రాకపోవడానికీ తేడా ఎక్కువగా ఇక్కడే ఉంటోంది.

రోజు, వేళ అన్నాను కదా, అందుకు నేనే ఓసారి మూల్యం చెల్లించాను. మా అన్నయ్య ఒక రాత్రి ‘రేపు 6కి స్టేషన్‌కు రా’ అని మెసేజ్ పెట్టాడు. ఆ సరికి నా ఫోన్ చార్జింగ్ అయిపోయి చచ్చిపడి ఉంది. పొద్దున్నే ఏడింటికి ఆన్ చేస్తే మెసేజ్ టింగుమంది. రేపు అంటే రేపే కదా అనుకుని తాపీగా పేపర్ తిరగేస్తున్నాను. పెట్టె పట్టుకుని ఆరింటి నుంచీ స్టేషన్‌లో నిలబడ్డ అన్నయ్య కాసేపటికి ఫోన్ చేసి ఏమన్నాడో ఇక్కడ రాయలేను. తప్పు నెట్‌వర్క్‌ది కాదు. ఎస్సెమ్మెస్ మన ఫోన్ నుంచి నేరుగా అవతలి ఫోన్‌కు పోదు. మధ్యలో మెసేజ్ సెంటర్‌లో ఆగుతుంది. అవతలి ఫోన్ ఆఫ్‌లో ఉంటే అక్కడే ఉండి, ఆన్ అయ్యాక దిగుతుంది. ఆపరేటర్ పెట్టిన గడువు దాటితే అసలు రాకుండానే పోతుంది కూడా. అందుకని రేపు, ఎల్లుండి, ఇంకో గంటలో లాంటి మాటలు మెసేజ్‌కు పనికిరావు. రాసిన ఘడియకూ చదివిన ఘడియకూ మధ్య అర్థం మారిపోతుంది. తేదీ వేసి, పక్కన ఉదయమో సాయంత్రమో రాస్తే నాలుగు అక్షరాలు ఎక్కువవుతాయి, అంతే.

తెలుగును ఇంగ్లీష్ అక్షరాల్లో కొట్టేవాళ్లకు ఇంకో గండం ఉంది. మా బాబాయి ఒకసారి ‘పిన్నికి కాళ్లు బాగా నొప్పి, తెలిసిన డాక్టరుంటే చెప్పు’ అని పెట్టాడు. ఇంగ్లీష్ అక్షరాల్లో ఆయన కొట్టిన తీరుకు కాళ్లు, కళ్లు ఒకటే. నేను కళ్లు అనుకుని, అరగంట తంటాలుపడి కళ్ల డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. పిన్ని మోకాళ్లు పట్టుకుని అక్కడిదాకా వెళ్లి, బోర్డు చూసి వెనక్కొచ్చింది. ఇప్పటి కీబోర్డుల్లో ఇంగ్లీష్ అక్షరాలతో కొడుతుంటేనే తెలుగు లిపిలో పడే ఏర్పాటుంది. నోటితో చెప్పినా రాసిపెడుతుంది. పంపేముందు ఒకసారి చదువుకోవాలి మరి, అది విన్నదీ మనం అన్నదీ ఎప్పుడూ ఒకటి కాదు.

గొంతు వినబడదు కాబట్టి వచ్చే తంటాలు వేరు. ‘చూద్దాం’ అని ముఖం మీద అంటే ఆ సాగదీతలోనే కాదని తెలిసిపోతుంది. మెసేజ్‌లో ‘చూద్దాం’ చదివినవాళ్లు నిజంగానే చూస్తారేమోనని నాలుగు రోజులు ఎదురుచూస్తారు. కుదరదంటే కుదరదని రాయడమే మేలు, కావాలంటే పక్కన ‘ఏమనుకోకండి’ చేర్చొచ్చు. పొడిగా ‘ఓకే’ అని వచ్చిన జవాబు చూసి కోపమొచ్చిందేమోనని టెన్షన్ పడేవాళ్లను చాలామందిని చూశాను. ‘ఓకే అండి’ అంటే ఆ గొడవ ఉండదు.

ఇక ఫోన్‌లో ఉండీ మనం వాడని సదుపాయాలు. తరచూ కొట్టే అడ్రస్‌కు రెండు అక్షరాల షార్ట్‌కట్ పెట్టుకుంటే అవి కొట్టగానే మొత్తం పడుతుంది. అర్ధరాత్రి గుర్తొచ్చిన విషయాన్ని అప్పుడే రాసి, పొద్దున 9కి వెళ్లేలా షెడ్యూల్ చేసే వీలు చాలా ఫోన్లలో ఉంది. ఎవరి నిద్రా చెడదు, మనమూ మరిచిపోం.

సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నప్పుడు, వేలమంది ఒకే చోట గుమిగూడినప్పుడు, తుపానులాంటిది వచ్చినప్పుడు ఎస్సెమ్మెస్ విలువ తెలుస్తుంది. కాల్‌కు మాట్లాడినంతసేపూ లైను కావాలి. ఈ చిన్న మెసేజ్‌కు క్షణకాలం సందు దొరికితే చాలు. డేటా లేకపోయినా వెళ్తుంది. అలాంటప్పుడు ‘క్షేమం’ అని మాత్రమే కాక ఎక్కడున్నారో, ఎంతమంది ఉన్నారో, టైమెంతో, ఫోన్‌లో చార్జింగ్ ఎంతుందో ఒకే మెసేజ్‌లో పెట్టాలి. రెండోది వెళ్తుందో లేదో తెలియదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రం ఎమర్జెన్సీ నంబర్‌కు ముందు కాల్ ప్రయత్నించాల్సిందే. మెసేజ్ ఫలానా వేళకు చేరుతుందని ఎవరూ హామీ ఇవ్వరు.

నమ్మకం విషయంలో మాత్రం ఎస్సెమ్మెస్‌కు నేను మంచి మార్కులు వేయను. పంపినవాళ్ల నుంచి అందుకున్నవాళ్ల దాకా సీలు వేసి ఉంచే ఎన్‌క్రిప్షన్ ఇందులో లేదు. పంపినవాళ్ల పేరును కూడా దొంగతనంగా పెట్టొచ్చు. అలా వచ్చిన దొంగ మెసేజ్, అసలు బ్యాంకు పంపిన పాత మెసేజ్‌ల కిందే బుద్ధిగా వచ్చి కూర్చుంటుంది. మోసగాళ్లు ఆపరేటర్‌ను మాయచేసి మన నంబర్‌ను తమ దగ్గరున్న సిమ్‌కు మార్పించుకుంటే ఓటీపీలు కూడా అక్కడికే పోతాయి. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ 2017లోనే ఎస్సెమ్మెస్ ఓటీపీని పరిమితులతో వాడాల్సిన పద్ధతుల జాబితాలో పెట్టింది. ఓటీపీని ఫోన్‌లోనే తయారుచేసే యాప్ వాడే అవకాశం ఉన్నచోట దానికి మారడమే నయం. మెసేజ్‌లో వచ్చిన లింక్ ఎంత తొందరపెడితే అంత అనుమానించాలి. పిన్ నంబర్, పాస్‌వర్డ్ ఇంట్లోవాళ్లకైనా మెసేజ్‌లో పంపకూడదు.

‘డెలివర్డ్’ అని చూసి నిశ్చింతగా ఉండేవాళ్లూ ఉన్నారు. ఎస్సెమ్మెస్‌లో ఆ మాటకు అర్థం ఫోన్‌కు చేరిందని మాత్రమే. మనిషి చదివాడని కాదు. తప్పకుండా తెలియాల్సిన కబురైతే చివర ‘అందితే ఓకే అని పెట్టండి’ అని రాస్తాను. సాయంత్రంలోగా ఆ ఓకే రాకపోతే కాల్ చేస్తాను. ఎవరైనా పోయారన్న వార్త, ఉద్యోగం పోయిందన్న వార్త మాత్రం మెసేజ్‌లో చెప్పను.

మా బాబాయి ఆ మోకాళ్ల వ్యవహారం తర్వాత తెలుగు లిపికి మారాడు. తేదీ, వేళ, ఉదయం, సాయంత్రం అన్నీ వేసి శుభ్రంగా రాస్తున్నాడు. కాకపోతే దానికంటే పది నిమిషాల ముందు విడిగా ఒక ‘హాయ్’ వస్తోంది.