అసలైన నకిలీ కావాలి

ఈ కాలంలో నకిలీకి మర్యాద లేకుండా పోయింది. నకిలీ విత్తనాలు, నకిలీ నెయ్యి అంటూ పేపర్లవాళ్ళు ఆ మాటకే చెడ్డపేరు తెచ్చారు. పాత నాణేలు పోగేసేవాణ్ణిగా నాకు చాలా బాధగా ఉంది. ఎందుకంటే నేను పోగేసేది గ్రీకు, రోమన్ నాణేల్ని కాదు. రెండు వేల ఏళ్ళ కిందట వాటిని చూసి పక్క దేశాలవాళ్ళు కొట్టుకున్న నకళ్ళని. అసలుది కొనడానికి డబ్బుంటే చాలు. నకలు కొనాలంటే అభిరుచి ఉండాలి. (డబ్బు కూడా ఉండాలనుకోండి.)

అలెగ్జాండర్ తండ్రి, మాసిడోనియా రాజు రెండో ఫిలిప్ బంగారు నాణేన్నే తీసుకోండి. ఒక పక్క గ్రీకు దేవుడు అపోలో తల, రెండో పక్క జోడుగుర్రాల రథం. అది ఐరోపాలోని కెల్టు తెగలవాళ్ళ చేతికి చిక్కింది. మన కథలో రాయసగాడు పుస్తకంలో అతుక్కున్న చచ్చిన ఈగని కూడా మక్కీకి మక్కీ దించేశాడే, కెల్టులు అలాంటి పని చేయలేదు. ఒకడు నాణెం చూసి చేశాడు, వాడి కొడుకు ఆ నకలు చూసి చేశాడు, మనవడు నకలుకి నకలు చేశాడు. ఓ తరంలో ఒక గుర్రం మాయం. ఇంకో తరంలో రథం చక్రం మిగిలి రథం పోయింది. ఉన్న గుర్రానికీ కాళ్ళు కీళ్ళ దగ్గర ఊడి గాల్లో తేలాయి. అపోలో జుట్టు పెరిగి పెరిగి మొహాన్ని మింగేసింది. బ్రిటన్ చేరేసరికి కొన్నిటిమీద దేవుడు పోయి, ఆయన తలమీది ఆకుల దండ మిగిలింది. ఫిలిప్ పేరు గీతలూ చుక్కలూ అయింది. అక్షరం రానివాడికి అదీ ముగ్గే కదా.

మనవాళ్ళేమీ తీసిపోలేదు. గుజరాత్, మాళవ ప్రాంతాల్ని ఏలిన పశ్చిమ క్షత్రపులు వెండి నాణేల అంచున గ్రీకు అక్షరాలు వేశారు. వాళ్ళలో తొలి రాజుల్లో ఒకడైన నహపానుడి కాలంలో వాటిని కాస్త చదవొచ్చు. తర్వాత్తర్వాత ఉత్త గీతలే. అయినా తియ్యలేదు. మా మేనల్లుడి టీషర్టు మీద ఇంగ్లీషుకీ అంతే అర్థం, వాడూ తియ్యడు.

ఏటా 5 కోట్ల సెస్టర్సులు (అప్పటి రోమన్ డబ్బు) ఇండియా లాగేసుకుంటోందని రోమ్‌లో ప్లినీ అనే రచయిత గుండె బాదుకున్నాడు. ఇక్కడ మనవాళ్ళేమో రోమ్ నుంచి వచ్చిన బంగారు నాణేలకి చిల్లు పెట్టో, కొక్కెం అతికించో మెళ్ళో వేసుకున్నారు. కాసులపేరు పిచ్చి ఈనాటిదా! సంగారెడ్డి జిల్లా కొండాపూర్ తవ్వకాల్లో రోమన్ నాణేల్ని చూసి చేసిన మట్టి బిళ్ళలు దొరికాయి. బంగారం అందనివాళ్ళు బహుశా మట్టితో సరిపెట్టుకున్నారు. అప్పటి వన్ గ్రామ్ గోల్డ్ అన్నమాట.

ఆ ప్లినీయే ఇంకో మాట కూడా రాశాడు: ఒక దొంగ దినారం (రోమన్ వెండి నాణెం) కోసం జనం చాలా మంచి దినారాలు ఇచ్చి కొంటున్నారని. మా ఆవిడకి ఇది చదివి వినిపించాను. పిచ్చి ఎంత పాతదైతే మాత్రం పిచ్చి కాకుండా పోతుందా అంది.

ఏథెన్సువాళ్ళు నయం, పద్ధతి తెలిసినవాళ్ళు. క్రీ.పూ. 375 ప్రాంతంలో చట్టమే చేశారు. బజార్లో డబ్బు మార్చేవాళ్ళ బల్లల మధ్య ఒక ప్రభుత్వ బానిస కూర్చుని నాణేలు పరీక్షించాలి. ఏథెన్సు నాణేల మీదుండే గుడ్లగూబ బొమ్మతో ఎవరో బయటివాళ్ళు కొట్టిన నకలే అయినా, వెండి మంచిదైతే తెచ్చినవాడికి తిరిగిచ్చెయ్యాలి. లోపల రాగో సీసమో ఉంటే అక్కడికక్కడే నరికి దేవతల తల్లికి సమర్పించాలి. పని ఎగ్గొడితే 50 కొరడా దెబ్బలు. మన ఆఫీసుల్లో ఈ చివరి నిబంధన ఎందుకు లేదో ఎవరైనా ఆలోచించారా?

ఇక నా గోడు. పోయిన ఏడాది ఎంతో ముచ్చటపడి ఒక కెల్ట్ నకలు కొన్నాను. తెలిసిన పెద్దాయన భూతద్దం పెట్టి చూసి, అంచు చుట్టూ సన్నటి అతుకు గీత, ఒంటినిండా సూదిబెజ్జాలు చూపించారు. పాతకాలంలో కొట్టిన నాణెం కాదు, అచ్చులో పోత పోసిన సరుకట. అంటే నకిలీకి నకిలీ! నా రక్తం ఉడికిపోయింది. నిజాయితీగా తయారైన నకిలీని పట్టుకుని ఇంత మోసమా?

ఏథెన్సు చట్టం గుర్తొచ్చింది. నరకడానికి మనసొప్పక, అలాగే తీసుకెళ్ళి మా ఊరి పెద్దమ్మ తల్లి హుండీలో వేసి దణ్ణం పెట్టుకున్నాను. మొన్న హుండీ లెక్కించారు. విదేశీ నాణేలు: ఒకటి, అని రాసుకున్నారట.