ఇంట ఓడినా రచ్చ గెలవొచ్చు: ఫుట్‌బాలర్లకు కెరీర్ గైడెన్స్

ఫుట్‌బాలర్ కెరీర్ చిన్నది. ముప్పై అయిదు వచ్చేసరికి మోకాళ్లు మొరాయిస్తాయి, నిన్నగాక మొన్న వచ్చిన కుర్రాడు పక్కనుంచి దూసుకుపోతాడు, క్లబ్‌వాళ్లు పిలిచి ‘మీ సేవలు మరువలేనివి’ అంటారు. ఆ తర్వాత పాపం వీళ్ల గతేంటి అని బెంగపడే సున్నిత మనస్కుల కోసమే ఈ వ్యాసం. బెంగ అక్కర్లేదండీ. ఇంగ్లిష్ ఫుట్‌బాల్ దీనికి చక్కటి ఏర్పాటు చేసిపెట్టింది. ముందు ఆడాలి, తర్వాత ఆడించాలి, ఆ తర్వాత ఆడేవాళ్లనీ ఆడించేవాళ్లనీ కలిపి తిట్టాలి, చివరికి ఇవన్నీ ఎలా చేశామో మైకు పట్టుకుని చెప్పి డబ్బు తీసుకోవాలి. పైకెళ్లేకొద్దీ పరుగు తగ్గుతుంది, బాధ్యత తగ్గుతుంది, మాటలో ధీమా మాత్రం పెరుగుతుంది.

మొదటి మెట్టు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. బాగా ఆడాలి, అంతే. ఇది కొంచెం కష్టమైన పని కాబట్టి కుర్రతనంలోనే కానిచ్చేస్తారు.

రెండోది మేనేజర్ ఉద్యోగం. బాగా ఆడినవాడు బాగా ఆడిస్తాడని క్లబ్ యజమానులకి ఎక్కడలేని నమ్మకం. అరిగో సాకీ అనే ఇటాలియన్ ఒకాయన ప్రొఫెషనల్‌గా ఎప్పుడూ ఆడలేదు, అంతకుముందు బూట్లు అమ్మేవాడు, అయినా మిలాన్ క్లబ్‌కి 1989లోనూ 1990లోనూ యూరోపియన్ కప్ గెలిపించిపెట్టాడు. ‘జాకీ కావాలంటే ముందు గుర్రమై ఉండాలని నాకు తెలీదే’ అని కూడా అన్నాడు. నవ్వేసి వదిలేశారు, మళ్లీ గుర్రాల్నే వెతుక్కుంటున్నారు. ఇంగ్లండ్ టాప్ డివిజన్ అయిన ప్రీమియర్ లీగ్‌లో 260 గోల్స్ కొట్టిన అలన్ షియరర్‌ని 2009లో న్యూకాజిల్ క్లబ్‌ని గట్టెక్కించమని పిలిచారు. ఎనిమిది మ్యాచ్‌లు, ఒక్క గెలుపు, క్లబ్ కింది డివిజన్‌లో పడింది, ఆయన బీబీసీలో తన పాత విశ్లేషకుడి కుర్చీలో క్షేమంగా దిగాడు. ఇంకో గోల్స్ వీరుడు వేన్ రూనీ 2023 అక్టోబర్‌లో మేనేజర్‌గా వెళ్లేసరికి బర్మింగ్‌హామ్ క్లబ్ ఆరో స్థానంలో ఉంది. పదిహేను మ్యాచ్‌ల తర్వాత సాగనంపేసరికి ఇరవయ్యో స్థానం. ఆ తర్వాత ప్లిమత్‌లోనూ ఏడాది నిండలేదు. ఇప్పుడు ఆయనా బీబీసీలో విశ్లేషకుడే. ఇక్కడ ఒక సాంకేతిక విషయం గమనించాలి: మేనేజర్ని ఎప్పుడూ పీకేయరు, ‘పరస్పర అంగీకారంతో విడిపోతారు’.

ఈ విద్యలో నాకు బాగా నచ్చిన కేసు మాజీ డిఫెండర్ గ్యారీ నెవిల్‌ది. స్కై టీవీ స్టూడియోలో పెద్ద టచ్‌స్క్రీన్ ముందు నిలబడి, మ్యాచ్ ఆపి, డిఫెండర్ చుట్టూ సున్నా చుట్టి, ‘వీడు ఇక్కడుండాలి, అక్కడేం చేస్తున్నాడు’ అని బాణం గుర్తు లాగేవాడు. చూస్తుంటే నిజంగానే మనకీ ఆట అర్థమైనట్టుండేది. 2015 డిసెంబర్‌లో స్పెయిన్ క్లబ్ వెలెన్సియావాళ్లు ఏకంగా మేనేజర్‌గా తీసుకెళ్లారు. స్పానిష్ రాదు, సొంతంగా ఒక జట్టుని నడిపిన అనుభవం లేదు, ఫర్వాలేదు, క్లబ్ యజమానికి ఆయన వ్యాపార భాగస్వామి. ఫిబ్రవరిలో బార్సిలోనా మీద కప్ సెమీఫైనల్ వచ్చింది. సువారెజ్ నాలుగు, మెస్సీ మూడు, మొత్తం 7-0. స్టూడియోలో స్క్రీన్ మీద వేలు పెడితే మెస్సీ ఆగేవాడు. బార్సిలోనా స్టేడియం క్యాంప్ నౌలో ఆ సదుపాయం లేదు. మార్చి నెలాఖరుకి 28 మ్యాచ్‌లు, పది విజయాలు, ఇంటికి టికెట్. తర్వాత మళ్లీ అదే స్టూడియో, అదే స్క్రీన్, అవే బాణాలు. మాటకి విలువ ఏమైనా తగ్గిందా? ఇసుమంత కూడా లేదు. ‘నేనూ అక్కడ నిలబడి చూశాను’ అనే మాట అదనంగా చేరింది, అంతే.

మూడో మెట్టైన ఈ విశ్లేషకుడి కుర్చీ మహిమ అలాంటిది. మేనేజర్ తప్పు చేస్తే పాయింట్ల పట్టికలో కనిపిస్తుంది. విశ్లేషకుడు తప్పు చేస్తే ముప్పై ఏళ్లు గుర్తుపెట్టుకుని ముద్దుచేస్తారు. 1995 ఆగస్టులో సీజన్ మొదటి రోజే మాంచెస్టర్ యునైటెడ్ ఆస్టన్ విల్లా చేతిలో 3-1తో ఓడితే, పిల్లల్ని పెట్టుకుని ఏమీ గెలవలేరని బీబీసీ విశ్లేషకుడు అలన్ హాన్సెన్ తేల్చేశాడు. ఆ పిల్లలు అదే సీజన్‌లో లీగూ ఎఫ్ఏ కప్పూ రెండూ ఎత్తుకుపోయారు. (అందులో ఒక పిల్లాడు పైన చెప్పిన నెవిలే.) హాన్సెన్ కుర్చీ 2014 దాకా చెక్కుచెదరలేదు.

టీవీలో విశ్లేషణ చెబుతున్న మాజీ ఆటగాడు కెవిన్ కీగన్ అయితే ఇంకో అడుగు ముందుకేశాడు. 1998 ప్రపంచ కప్‌లో అర్జెంటీనాతో ఇంగ్లండ్‌కి పెనాల్టీ షూటౌట్. ఇంగ్లండ్ ఆటగాడు డేవిడ్ బ్యాటీ పెనాల్టీకి నడుస్తున్నాడు, ‘కొడతాడా, త్వరగా చెప్పండి, అవునా కాదా’ అని పక్కనున్న కామెంటేటర్ అడిగాడు. కీగన్ క్షణం తడుముకోకుండా అవునన్నాడు. బ్యాటీ కొట్టలేదు, ఇంగ్లండ్ ఇంటికొచ్చింది. ఇంతటి దూరదృష్టి గల మనిషిని వదులుకుంటారా? ఎనిమిది నెలలు తిరక్కుండా ఇంగ్లండ్ మేనేజర్‌ని చేశారు. 2000 అక్టోబర్‌లో పాత వెంబ్లీలో ఆఖరి మ్యాచ్ జర్మనీకి 1-0తో అప్పగించాక, స్టేడియం టాయిలెట్‌లోనే అధికారులకి రాజీనామా సంగతి చెప్పేశాడు. మనిషి నిజాయితీపరుడు, నాకు ఆయనంటే ఇష్టం కూడా. ఆయనా తర్వాత్తర్వాత వేదికలెక్కి ముచ్చట్లు చెప్పే కార్యక్రమాలు చేశాడు. టాయిలెట్‌లో రాజీనామా ఇచ్చిన మనిషికి చెప్పుకోవడానికి కథల కొరతేముంటుంది?

ఇక చివరి మెట్టు, ఉపన్యాసం. ట్రోఫీలున్న మాంచెస్టర్ యునైటెడ్ మాజీ మేనేజర్ ఫెర్గూసన్ హార్వర్డ్‌లో పాఠాలు చెప్పాడంటే అర్థముంది. కానీ ట్రోఫీ లేకపోయినా దిగులుపడొద్దు. ఇంగ్లండ్ ఆటగాడు గ్యారెత్ సౌత్‌గేట్ 1996 యూరో కప్ సెమీస్‌లో పెనాల్టీ మిస్ చేశాడు, తలకి కాగితం సంచీ తొడుక్కుని పిజ్జా ప్రకటనలో నటించాడు, 2009లో ఆయన మేనేజర్‌గా ఉన్న మిడిల్స్‌బ్రో క్లబ్ కింది డివిజన్‌లో పడింది, ఐటీవీలో విశ్లేషణలు చెప్పాడు, ఇంగ్లండ్ మేనేజరై రెండు యూరో ఫైనల్స్ ఓడాడు, 2025 మార్చిలో బీబీసీవాళ్ల పేరున్న ఉపన్యాసం, డింబుల్‌బీ లెక్చర్, ఇచ్చాడు. కుర్రాళ్ల గురించి, తట్టుకుని నిలబడడం గురించి బాగానే మాట్లాడాడు, కాదనను. కానీ ఆ అర్హతల జాబితా చూడండి, సంచీతో సహా.

ఆ స్థాయికి వెళ్లనివాళ్లకి కంపెనీ డిన్నర్లున్నాయి. ఈ క్వార్టర్ టార్గెట్ అందుకోలేక టెన్షన్‌లో ఉన్న సేల్స్ జనం ముందు మాజీ మేనేజర్ లేచి నిలబడి, ఓటమి నుంచి ఏం నేర్చుకోవాలో చెబుతాడు. వాళ్లు తలలూపి రాసుకుంటారు. అంత ఓడినా ఈయనకి పిలుపులు వస్తున్నాయి, మనకి మాత్రం నోటీసులెందుకొస్తున్నాయని ఒక్కరూ అడగరు.

కాబట్టి ఇప్పుడు ఆడుతున్న కుర్రాళ్లకి నా సలహా ఒక్కటే. గోల్స్ కొట్టండి, కప్పులు దాచుకోండి, కానీ ఎక్కడో ఒకచోట, వీలైతే సెమీఫైనల్లో, పెనాల్టీ ఒకటి క్రాస్‌బార్ మీదుగా తన్ని ఉంచుకోండి. హ్యాట్రిక్ గురించి ఎంత సాగదీసినా పది నిమిషాలే. ఆ పోయిన బంతి గురించైతే కాఫీలు వచ్చేదాకా లాగొచ్చు.