తిరగమోత పెట్టిన చిక్కుడు

నెల్లూరులో చలికాలమంటే ఫ్యాను ఐదు మీంచి రెండుకి దిగడమే. మంకీ టోపీలు మాత్రం కార్తీకంలోనే బయటికొస్తాయి, అది వేరే సంగతి. మా వానలు చాలావరకు అక్టోబరు, డిసెంబరు మధ్యే కురిసిపోతాయి గనక, సంక్రాంతి దాటేసరికి మిద్దె ఆరి, నాలాంటి వాళ్ళకి వ్యవసాయం మీద మనసు పుడుతుంది. బెండ, గోంగూర, దోస వేసుకోవడానికి ఇదే అదును. బీర గింజలు నాలుగు నానేశాను కూడా. కానీ గొడవంతా చిక్కుడు దగ్గరే వచ్చింది.

మాది నాటు చిక్కుడు. ఆషాఢంలో పెట్టాను. ఈ నాటు రకం పొద్దు పొట్టిదైతేగానీ పూతకి రాదని తెలియక శ్రావణమంతా దాన్ని తిట్టి, భాద్రపదంలో పీకేద్దామని మొదలు మీద చెయ్యి కూడా వేశాను. కార్తీకం పోయాక పందిరి నిండా ఊదారంగు గెలలు తొడిగింది. నేను పీకబోయిన సంగతి మా ఆవిడ మర్చిపోలేదు. చెట్టు కూడా మర్చిపోలేదనుకుంటా, పండగ ముందు పేనుబంక తెచ్చుకుంది. భోగిమంట బూడిద ఎత్తుకొచ్చి, పొద్దున్నే మంచు తడి మీద చల్లితే కాస్త సర్దుకుంది. (ఆ హడావిడిలో పేనుబంకని తినిపెట్టే అక్షింతల పురుగుల్ని కూడా దులిపేశాను. పాపం.) ఆ వెంటనే పూత రాలడం మొదలైంది. తెల్లారి మిద్దెక్కితే కింద ముగ్గేసినట్టు పూలు.

పక్కింటి మేష్టారు మందు చెప్పారు. "లీటరు మజ్జిగ ఐదు రోజులు పులియబెట్టు. చిటికెడు ఇంగువ వెయ్యి. వడగట్టి, పది లీటర్ల నీళ్ళలో కలిపి, ఎండ దిగాక కొట్టు. పూత నిలవకపోతే నన్నడుగు."

మజ్జిగ, ఇంగువ. వింటుంటే పురుగుల మందులా లేదు, పెళ్ళి భోజనంలో చివరి వడ్డనలా ఉంది. అయినా వేపపుల్లతో బాగా కలిపి, రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసాలో పోసి, నీళ్ళ ట్యాంకు నీడన పెట్టాను. మూడో రోజు మూత దానంతటదే ఎగిరింది. నాలుగో రోజు పిల్లి ఆ దిక్కుకి రావడం మానేసింది. ఐదో రోజు రథసప్తమి.

ఆ రోజు చిక్కుడు చెట్టున్న ఇల్లు పెళ్ళివారిల్లే. పరమాన్నం నైవేద్యం పెట్టడానికి ఆకులు, రథం కట్టడానికి కాయలు. ఆరింటికే "నాలుగాకులు, పిన్నీ" అంటూ వీధంతా మిద్దెక్కింది. వాళ్ళు దిగిపోయాక, రాలడానికి మిగిలిన పూతెంతో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. దానికి తోడు ఒంగోలు నుంచి మా ఆవిడ అన్నయ్య దిగాడు. పులిహోర రెండు మార్లు, పరమాన్నం మూడు మార్లు వడ్డించుకుని హాల్లో వాలాడు.

నాలుగున్నరకి లేచి, పొట్ట నిమురుకుంటూ, "అమ్మాయ్, కడుపు ఉబ్బరంగా ఉండాది. రవ్వంత మజ్జిగ ఇయ్యి" అన్నాడు.

మా ఆవిడ మజ్జిగ చేస్తే ఆషామాషీగా ఉండదు. నిమ్మాకు నలిపి, అల్లం, పచ్చిమిర్చి దంచి, ఆవాలూ కరివేపాకుతో తిరగమోత పెడుతుంది. అన్నయ్య కోసం ముందే చేసి, దాన్నీ అలాంటి సీసాలోనే పోసి, వంటింటి గట్టు మీద పెట్టింది. నేనూ వడగడదామని నా సీసా తెచ్చి, అదే గట్టు మీద పెట్టి, పాత పంచె గుడ్డ కోసం పోయాను. గుడ్డ దొరకలేదు. తిరిగొచ్చేసరికి గట్టు మీద ఒకటే సీసా ఉంది. ఒకటే ఉన్నప్పుడు మనిషికి అనుమానం ఎందుకొస్తుంది? ముక్కు చెప్పి ఉండేదేమో, కానీ దానికి వారం రోజులుగా జలుబు.

మిద్దె మీద స్ప్రేయరు నాలుగు పంపులు కొట్టానో లేదో మొరాయించింది. నాజిల్ విప్పి ఊదితే ఆవగింజ. మళ్ళీ బిగించి కొడితే ఈసారి కరివేపాకు. పులిసిన మజ్జిగలో ఆవగింజ ఎట్లా పుట్టిందబ్బా అని కొంచెంసేపు నిజంగానే ఆలోచించాను. తర్వాత వేలు ముంచి నాకాను. ఉప్పు, అల్లం, నిమ్మాకు. పదింతలు నీళ్ళు కలిసినా రుచి పోలేదు.

ఒక్కో మెట్టూ వదిలేస్తూ కిందికి దిగాను. బావ మీసాలు తుడుచుకుంటున్నాడు. ఎదురుగా నా సీసా, అడుగున నాలుగు గుక్కలు.

"ఏం మజ్జిగ అమ్మాయ్!" గోడ గడియారం ఉలిక్కిపడేలా త్రేన్చాడు. "అచ్చం అమ్మ చేతి మజ్జిగే! చివర్లో కాస్త వగరు తగిలిందే, ఏమేశావు?"

"నిమ్మాకు అన్నయ్యా" అంది మా ఆవిడ మురిసిపోతూ.

వేపపుల్ల అనబోయి, మాట మింగేశాను. ఆయన్ని రైలెక్కించి వచ్చి, చిక్కుడుకి పట్టిన ఉప్పు పోయేలా రెండు బకెట్ల మంచినీళ్ళతో తలంటి పోసి, అప్పుడు మా ఆవిడకి సంగతి చెప్పాను. అన్నయ్యకేమవుతుందోనని కంగారు పడుతుందనుకున్నా. ఆవిడ మిగిలిన నాలుగు గుక్కలూ వాసన చూసి, చాలాసేపు మాట్లాడలేదు.

"ఇరవై ఏళ్ళుగా చేసి పోస్తన్నా. ఒక్కనాడన్నా అమ్మ చేతి మజ్జిగ అన్నాడా?"

ఆ రాత్రి నాకు పెరుగన్నంలోకి పెరుగు లేదు.

మర్నాడు పొద్దున్నే ఒంగోలు నుంచి ఫోను. "అమ్మాయ్, కడుపు దూదిపింజలా ఉండాది. ఆ మజ్జిగ ఎట్ట చేశావో చెప్పు, మీ వదినకి చెప్తా."

ఆవిడ మాట్లాడకుండా ఫోను నా చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"ఏంలేదు బావా" అన్నాను. "మజ్జిగ ఐదు రోజులు పులియబెట్టి, చిటికెడు ఇంగువ వేసి, వడగట్టి, పది లీటర్ల నీళ్ళలో..."

ఆగిపోయాను.

"ఆఁ, పది లీటర్లు, రాసుకున్నా" అన్నాడు బావ. "తర్వాత?"