ఒడిశాకి పోతుంది లెండి

వాతావరణ శాఖ వారు 2009 నుంచి ఒక తప్పు పని చేస్తున్నారు. దాని మీద ఇంతవరకు ఎవరూ ధర్నా చేయకపోవడం విశాఖ పౌరుడిగా నాకు చిన్నతనంగా ఉంది. తుఫాను మ్యాపు మీద దారి ఒక గీతగా గీసి ఊరుకోకుండా, దాని చుట్టూ గరాటులాంటి బొమ్మ వేస్తారు. ఇవాళ్టికి సన్నగా మొదలై, ఎల్లుండికి ఊళ్లకు ఊళ్లు మింగేంత వెడల్పవుతుంది. దాని అర్థం ఏమిటయ్యా అంటే, ‘ఈ లోపల ఎటైనా పోవచ్చు, ఇంతకంటే కచ్చితంగా మాకు తెలీదు’ అని!

అంతటితో ఆగారా? గత కొన్నేళ్లలో తమ అంచనాలు ఎన్ని కిలోమీటర్లు తప్పాయో కొలిచి, ఆ సగటును బట్టి గరాటు వెడల్పు నిర్ణయిస్తారట. తన తప్పుల పద్దు తానే రాసుకుని ఊరంతా పంచేవాడు ఎక్కడైనా ఉంటాడా? మన ఇళ్లలో ఆ పద్దు రాసే బాధ్యత వేరేవాళ్లది.

ఇదే పని మా బెంచీ ఎంత శుభ్రంగా చేస్తుందో చూడండి. బీచ్ రోడ్డులో, కాళీమాత గుడికి కాస్త ఇవతల, పొద్దున్నే బళ్లు ఆపేసే వేళ మేం ఆరుగురం కూర్చుంటాం. రిటైరైన సూపరింటెండెంటు గారు మా అధ్యక్షులు. మా ఎదురింటాయనే. రూపాయి ఎందుకు పడిపోయింది, మోకాలికి ఏ నూనె రాయాలి, ఇంకా రాని మెట్రో ఎక్కడ మలుపు తిరగాలి, అన్నిటికీ ఆయన దగ్గర ఒకే ఒక్క సమాధానం ఉంటుంది. గరాటు ఉండదు. ఆయన నోట ‘తెలీదు’ అనే మాట ఇన్నేళ్లలో ఒక్కసారే విన్నాను. అదీ టిఫిన్ బిల్లు ఎవరిస్తారని సర్వరు అడిగినప్పుడు.

2014 అక్టోబరులో హుద్‌హుద్ వస్తోందన్నప్పుడు గరాటు మధ్యలో మన ఊరే ఉంది. సూపరింటెండెంటు గారు పేపరు మడిచి పక్కన పెట్టారు. ‘‘ఒడిశాకి పోతుంది లెండి. మనకి డాల్ఫిన్ నోస్ కొండ అడ్డం. గాలి దాన్ని గుద్దుకుని అటు తిరిగిపోతుంది.’’ నేను ఆ శాస్త్రాన్ని ఉన్నదున్నట్టు ఇంటికి మోసుకొచ్చి, అనవసరంగా టెన్షన్ పడొద్దని మా ఆవిడకు చెప్పాను. ఆవిడ సరేనని, బిందెలూ బకెట్లూ అయ్యాక పప్పు గిన్నెలో కూడా నీళ్లు పట్టింది. చదువు లేకపోతే ఇలాగే భయపడతారు. ఆవిడ ఎమ్మెస్సీ అనుకోండి, అది వేరే సంగతి.

12వ తేదీ ఆదివారం. గంటకు 170, 180 కిలోమీటర్ల గాలి. ముందు మా ట్యాంకు మూత ఎగిరిపోయింది. కాసేపటికి మూతను వెతుక్కుంటూ ట్యాంకు కూడా వెళ్లింది. కిటికీ రెక్కను ఇద్దరం వీపులు ఆనించి ఆపుతున్నాం. మధ్యాహ్నమయ్యేసరికి ఎవరో స్విచ్ కట్టేసినట్టు గాలి ఆగిపోయింది. వీధిలో కొమ్మల మీంచి నీళ్లు కారుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది. ఎదురింటి తలుపు తీసుకుని లుంగీ ఎగ్గట్టుకున్న సూపరింటెండెంటు గారు బయటికొచ్చారు. ‘‘అయిపోయిందండీ! రండి, రండి!’’ అని వీధి మొత్తానికీ ప్రకటించి, వంగిపోయిన డిష్ సరిచేద్దామని డాబా ఎక్కారు.

తుఫానుకి కన్ను ఉంటుంది. అది మన నెత్తిన ఉన్నంతసేపూ గాలి ఉండదు. కన్ను దాటాక అవతలి సగం వస్తుంది, అదీ ఎదురు దిక్కు నుంచి. అప్పటిదాకా ఉత్తరం నుంచి కొట్టిన గాలి ఈసారి దక్షిణం నుంచి లేచింది. ఆయన డిష్‌ను కావలించుకుని మెట్ల గదిలో రెండు గంటలు కూర్చున్నారు. కిందికి దిగాక ఒంటి మీద లుంగీ ఒక్కటే ఉంది. గొంతు మాత్రం చెక్కు చెదరలేదు. ‘‘నేననుకుంటూనే ఉన్నా, దీనికి కన్ను ఉంటుందని’’ అన్నారు.

కరెంటు లేని ఆ రోజుల్లో పాల ప్యాకెట్ల క్యూలో నిలబడి, తుఫాను చివరి నిమిషంలో ఎందుకు మాట తప్పిందో ఆయనే అందరికీ వివరించారు. తప్పు తుఫానుదేనని క్యూ మొత్తం ఒప్పుకుంది.

అమెరికాలో క్రూగర్, డన్నింగ్ అని కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లిద్దరు 1999లో ఒక పరిశోధన అచ్చేశారు. వ్యాకరణం, తర్కం లాంటి పరీక్షలు పెడితే, అట్టడుగున సగటున నూటికి 12వ మెట్టు మీద ఉన్నవాళ్లు, తాము 62వ మెట్టు మీద ఉన్నామని నమ్మారట. దీన్ని మా బెంచీ గ్రూపులో పెట్టాను. ఆరుగురికీ వెంటనే ఎవరో ఒకరు గుర్తొచ్చారు. నలుగురికి తోడల్లుడు, ఒకాయనకి వియ్యంకుడు. సూపరింటెండెంటు గారు ‘‘మీకు సరిగ్గా సరిపోయింది’’ అని నాకు విడిగా మెసేజ్ పెట్టారు.

మా ఎదురుగా ఉన్న సముద్రం సంగతీ అంతే. ప్రపంచం మొత్తం మీద సముద్రగర్భంలో వివరంగా కొలిచి పటం గీసింది సుమారు నాలుగో వంతేనట. ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను, అందులో ఏముంది, నీళ్లే కదా అన్నారు మా అధ్యక్షులు. జాలారిపేట ముసలాయన ఒకడున్నాడు, పుట్టిన దగ్గర్నుంచి ఆ నీళ్లలోనే బతికాడు. రేపు వేటకి వెళ్తావా తాతా అని అడిగితే, ‘‘పొద్దున్న గాలి సూసి సెప్తాను బాబూ’’ అన్నాడు. ఇంత అనుభవముండి ఇదా జవాబు? బెంచీ మీద చోటు ఇవ్వకూడదని అప్పుడే తీర్మానించుకున్నాం. ఆయన అడగలేదనుకోండి.

మొన్న మళ్లీ అల్పపీడనం అన్నారు. మళ్లీ గరాటు. ‘‘ఒడిశాకి పోతుంది లెండి’’ అన్నారు అధ్యక్షులు. ఆరుగురం తలలూపాం. తిరిగి వస్తూ నేను ఒంటరిగా పూర్ణా మార్కెట్ వైపు వెళ్లి, పది మీటర్ల నైలాన్ తాడు కొన్నాను. చీకటి పడ్డాక డాబా ఎక్కి, కొత్త ట్యాంకును పిల్లర్‌కి కట్టి రెండో ముడి బిగిస్తుంటే, ఎదురు డాబా మీద టార్చి లైటు కదిలింది. సూపరింటెండెంటు గారు డిష్ చుట్టూ తాడు తిప్పుతున్నారు.

నన్ను చూసి చటుక్కున లేచి నిలబడ్డారు.

‘‘బట్టలారేయడానికి దండెం కడుతున్నానండీ’’ అన్నారు.

‘‘నేనూ అదే’’ అన్నాను.