‘లేసిండాయి’ అన్నందుకు మార్కులు కోశాం

కొన్నేళ్ల కిందట ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవం నాడు, చిత్తూరు దగ్గర ఒక హైస్కూల్లో కవితల పోటీకి నన్ను జడ్జిగా పిలిచారు. పదో తరగతి అమ్మాయి ఒకరు వాళ్లమ్మ చేతుల గురించి సొంతంగా రాసుకొచ్చింది. మామిడి సీజన్‌లో గుజ్జు ఫ్యాక్టరీకి పనికి పోయే అమ్మ. సొన పడి వేళ్ల మీద పొక్కులు ‘లేసిండాయి’ అని చెప్పింది. గొంతు వణికింది కానీ ఒక్కసారి కూడా కాగితం వైపు చూడలేదు. నా పక్కనున్న జడ్జి ‘యాస’ అని రాసి కింద గీత గీశారు. ఉచ్చారణకు 10 మార్కుల గడి ఉంది. నేను అందులో 4 వేశాను. మొదటి బహుమతి, తెలుగు తల్లి మీద ఎవరో పెద్దవాళ్లు రాసిచ్చిన కవితను గడగడా అప్పజెప్పిన అబ్బాయికి వెళ్లింది.

ఆ రోజు గిడుగు రామమూర్తి పుట్టినరోజు. 1863లో పుట్టి, వాడుక తెలుగు బడిలోకి, పుస్తకంలోకి రావాలని ఏళ్ల తరబడి పోరాడిన మనిషి. ఆయన పేరు చెప్పుకుని ఒక పిల్ల ఇంటి మాటకు మేం మార్కులు కోశాం. అది నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఈ మధ్య స్పోకెన్ వర్డ్ వీడియోలు, అంటే సొంత కవితను జనం ముందు నిలబడి చెప్పేవి, చూసి ‘మన తిరుపతిలోనూ అట్లాంటి పోటీలు పెట్టొచ్చు గదా సార్’ అని అడిగే పిల్లలు కనిపిస్తున్నారు. తప్పకుండా పెట్టాలి. కానీ పాత వక్తృత్వ పోటీకే కొత్త పేరు తగిలించి పెడితే మాత్రం ఆ అమ్మాయికి జరిగిందే ఇంకో పిల్లకు జరుగుతుంది.

ఈ పోటీ ఎక్కడ పుట్టిందో చూస్తే విషయం అర్థమవుతుంది. 1986 జులైలో షికాగోలోని గ్రీన్ మిల్ అనే క్లబ్బులో మార్క్ స్మిత్ అనే కవి వారం వారం పొయెట్రీ స్లామ్ అనే ఈ కవితల పోటీ నడపడం మొదలుపెట్టాడు. ఆయన భవన నిర్మాణ పనులు చేసినవాడు. తర్వాత స్థిరపడిన నియమాలు తేలికైనవి. సొంతంగా రాసిందే చెప్పాలి. మూడు నిమిషాలే సమయం. సంగీతం, వేషం ఉండవు. వినడానికి వచ్చినవాళ్లలోంచే ఐదుగురిని జడ్జీలుగా కూర్చోబెడతారు. వాళ్లు 10కి మార్కులు వేస్తే, అన్నింటికన్నా ఎక్కువది ఒకటి, తక్కువది ఒకటి తీసేసి మిగిలిన మూడూ కలుపుతారు. కవిత్వం మీద తీర్పు చెప్పే హక్కును పండితుల దగ్గర్నుంచి తీసి మామూలు శ్రోత చేతిలో పెట్టడమే ఇందులో అసలు సంగతి. నాకు తెలిసి మన పోటీలు ఆ ఒక్క పని ఎప్పుడూ చేయలేదు.

2021లో అమెరికా అధ్యక్షుడి ప్రమాణ స్వీకారంలో కవిత చదివిన అమాండా గోర్మన్‌కు అప్పటికి 22 ఏళ్లు. చిన్నప్పుడు ఆమెకు ‘ర’ శబ్దం సరిగా పలికేది కాదు. మా ఆగస్టు 29 పోటీకి వచ్చి ఉంటే, ఆ ఉచ్చారణ గడిలో ఆమెకూ 4 మార్కులే పడేవి.

ఇదంతా ఎక్కడో అమెరికా సరుకు, మనకెందుకు అనేవాళ్లకు తిరుమలలో దొరికిన రాగిరేకులు చూపించాలనిపిస్తుంది. పదహారేళ్ల వయసులో స్వామి ప్రత్యక్షమైతే, అప్పటినుంచి అన్నమయ్య సంకీర్తనలు చెప్పాడని వాటి మీద చెక్కి ఉంది. పదహారేళ్లంటే ఈనాటి ఇంటర్ ఫస్టియర్ పిల్లవాడు. పైగా ఆయన జాజర, సువ్వి, గొబ్బి, లాలి వంటి ఆడవాళ్ల పాటల, పనిపాటల బాణీలను కొండ మీది దేవుడి ముందుకు తీసుకెళ్లాడు. అష్టావధానం కూడా వేదిక మీద కవిత్వమే గానీ, ఛందస్సు రాని పిల్లలకు అక్కడ చోటు లేదు. మన చిత్తూరు పల్లెల్లో అయితే ద్రౌపదమ్మ గుడి దగ్గర భారతం 18 రోజులు నడుస్తుంది. పగలు హరికథ, రాత్రి నాటకం. వినడం అంటే ఏమిటో తెలిసిన జనం వీళ్లు. తిరుపతి గంగమ్మ జాతరనే చూడండి. మే నెలలో ఆ వారం రోజులు వేషం కట్టిన మనిషి ఎంత బూతు తిట్టినా జనం నొచ్చుకోరు. లోపల అణిగింది బయటికి రావడానికి ఒక రోజు, ఒక చోటు కావాలని ఈ ఊరికి ఎప్పుడో తెలుసు. ఆడపిల్లల్ని వేధించిన పాలెగాణ్ణి చంపిన తల్లిగా గంగమ్మను కొలుస్తారు కాబట్టి, ఈ ఊళ్లో ఒక ఆడపిల్ల మైకు ముందు నిలబడి తన మాట చెప్పడం కొత్తగా అనిపించకూడదు.

ఇప్పుడు మన పిలకాయలకు ఆ చోటు ఎక్కడుంది? రెసిడెన్షియల్ కాలేజీలో తెల్లవారుజామున స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్, వారానికో పరీక్ష, నోటీసు బోర్డు మీద ర్యాంకు. రోజంతా వాళ్లను అడిగేవన్నీ జవాబు ముందే ఖాయమైన ప్రశ్నలు. ‘నీకేమనిపిస్తా ఉంది?’ అని అడిగే పెద్దమనిషి ఒక్కరూ ఎదురుపడకుండానే రెండేళ్లు గడిచిపోతాయి. 2025లో తోతాపురి మామిడి ధర పడిపోయి, గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. ఆ బారులో వాళ్ల నాయనతో కలిసి రెండు రాత్రులు కాయల మీదే పడుకున్న ఇంటర్ కుర్రాడు ఒకడు, దాని మీద రాసుకున్న నాలుగు ముక్కలు నాకు చదివి వినిపించాడు. పండు వాసనంటే ఇప్పుడు కడుపులో తిప్పుతుందట. అదే మాట పరీక్ష పేపర్లో రాయడానికి ఏ ప్రశ్న కిందా చోటు లేదు.

ఒక భయం ఉంది, దాచను. మార్కులు ఉన్నచోట పిల్లలు దేనికి మార్కులు పడతాయో ఇట్టే పసిగడతారు. ఏడిపించిన కవితకే బహుమతి వస్తుందని తెలిస్తే, వచ్చే ఏడాది అందరూ కష్టాలే పట్టుకొస్తారు. లేని గాయం కూడా తయారవుతుంది. అది గొంతు దొరకడం కాదు, ఇంకో రకం బట్టీ. కుక్కపిల్ల మీద, క్రికెట్ మీద, హాస్టల్ ఉప్మా మీద రాసిన పిల్లకూ అంతే శ్రద్ధగా చెవి ఇవ్వాలి. ఇంకొకటి, ఫోన్లు. ఇంట్లో సంగతి ధైర్యం చేసి చెప్పిన అమ్మాయి వీడియో సాయంత్రానికి ఊరి వాట్సాప్ గ్రూపులో తిరిగితే, ఆ పిల్ల మళ్లీ నోరు తెరవదు. హాల్లోకి ఫోన్ రాకూడదు. చప్పట్లతో వదిలేయకూడని మాట ఏదైనా ఒక పిల్ల చెబితే, వినడానికి కూర్చున్న టీచరు తర్వాత పక్కకు పిలిచి మాట్లాడాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు ఉన్నది అందుకే.

మహతి ఆడిటోరియం బుక్ చేయనక్కర్లేదు. మధ్యాహ్నం బడి వరండాలో ముప్పై మంది, ఒక గడియారం, ఐదు పలకలు చాలు. జడ్జీలుగా ఆ ముప్పై మందిలోంచే ఐదుగురు. వాళ్లలో మధ్యాహ్న భోజనం వండే అక్క ఒకరైతే నాకు మరీ సంతోషం. పొక్కులు లేయడమంటే ఏమిటో ఆమెకు నాకన్నా బాగా తెలుసు.

పోటీ అయ్యాక ఆ పదో తరగతి అమ్మాయి నా దగ్గరికొచ్చి ‘యాడ తప్పు పోయినా సార్?’ అని అడిగింది. ప్రాక్టీస్ చెయ్యమ్మా అని చెప్పి పంపించాను. వచ్చే ఆగస్టు 29కి ఏ బడి పిలిచినా వెళ్తాను. మార్కుల కాగితంలో ఆ ఉచ్చారణ గడి ఉంటే, మొదటి పిల్ల మైకు దగ్గరికి రాకముందే దాన్ని కొట్టేస్తాను.